పికప్‌కి డంప్ బెడ్ ఇన్సర్ట్ కొంటున్నారా? ముందు మీ ట్రక్కు ఎంత మోస్తుందో లెక్క వేయండి

తొట్టిలో వంగి నిలబడి, పారతో కంకరంతా కిందికి తోసి తోసి నడుం పట్టేసిన వాళ్లకి ఏదో ఒక రోజు ఈ ఆలోచన వచ్చే తీరుతుంది. బటన్ నొక్కితే టిప్పర్‌లా తొట్టి లేచి, లోడు దానంతట అదే జారిపోతే ఎంత బాగుండు అని. డంప్ బెడ్ ఇన్సర్ట్ చేసే పని అదే. పికప్ తొట్టి లోపల కూర్చునే ఇంకో తొట్టి అది, కింద దాని సొంత ఫ్రేమ్, హైడ్రాలిక్ జాకీ, ట్రక్కు బ్యాటరీతో నడిచే 12 వోల్టుల పంపు, చేతిలో పట్టుకునే వైరు రిమోట్. ట్రక్కు బాడీని కోయక్కర్లేదు, కావాలంటే తర్వాత తీసేయొచ్చు కూడా. మంచి వస్తువే, నాకు చాలా ఇష్టమైన వస్తువు. కానీ ఎక్కువమంది దీన్ని ఎంచుకునేటప్పుడు తప్పు అంకె చూసి కొనేస్తారు, ఆ తర్వాత ఇరుసు మీద, బ్రేకుల మీద ఆ తప్పు మోస్తూ తిరుగుతారు.

ఆ అంకె ఏంటంటే, ఇన్సర్ట్ మీద పెద్ద అక్షరాలతో రాసే లిఫ్టింగ్ కెపాసిటీ. 2700 కిలోలు ఎత్తుతుంది అని ఉంటుంది. అది జాకీ సంగతి. జాకీ ఎత్తగలిగినంత బరువు మీ ట్రక్కు మోయగలదని ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా. ట్రక్కు ఎంత మోస్తుందో తెలియాలంటే డ్రైవర్ డోర్ తెరిచి ఆ ఫ్రేమ్ మీద అంటించిన స్టిక్కర్ గానీ ప్లేటు గానీ చూడండి, లేదా బండితో వచ్చిన పుస్తకంలో మొత్తం అనుమతించిన బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. మిగిలిందే పేలోడ్. మనుషులు, సామాన్లు, తర్వాత బిగించిన ఏ ఇనుప ముక్కైనా అందులోంచే పోవాలి. ఇన్సర్ట్ బరువు కూడా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క వేద్దాం. మీ పికప్ పేలోడ్ 800 కిలోలు అనుకోండి, మామూలు చిన్న పికప్‌లకి అటూ ఇటూగా ఇంతే ఉంటుంది. ఇద్దరు మనుషులు 150 కిలోలు. ఎనిమిది అడుగుల స్టీల్ ఇన్సర్ట్, పంపు, బ్యాటరీ కేబుళ్లు అన్నీ కలిపి 350 కిలోలు. మిగిలింది 300. పొడి ఇసుక ఘనపు మీటరుకి సుమారు 1600 కిలోలు తూగుతుంది. అంటే మీరు వేసుకోగలిగింది ఘనపు మీటరులో ఐదో వంతు కన్నా తక్కువ. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న తొట్టిలో ఆ ఇసుకని సమంగా పరిస్తే బెత్తెడు మందం కూడా రాదు. అదే తొట్టిని అంచుల దాకా నింపితే దాదాపు రెండు టన్నులు అవుతుంది, జాకీ కిక్కురుమనకుండా ఎత్తేస్తుంది, ట్రక్కు మాత్రం వెనక్కి కూలబడి ముందు చక్రాలు తేలిపోయినట్టు నడుస్తుంది. స్టీరింగ్ అలా తేలికైపోవడం ఒకసారి అనుభవించినవాళ్లు మళ్లీ మర్చిపోరు.

అందుకని మొదట తేల్చుకోవాల్సింది మీరు ఏం మోస్తారన్నది. ఎండు ఆకులు, కొమ్మలు, చెట్ల బెరడు పొడి, పాత ఇంటి సామాను లాంటివైతే చిన్న పికప్‌కి కూడా ఇన్సర్ట్ బాగానే పనికొస్తుంది, ఎందుకంటే బెరడు పొడి ఘనపు మీటరు 300 కిలోల దగ్గరే ఉంటుంది, తొట్టిని అంచుల దాకా కాకుండా ముప్పావు వంతు నింపితే బరువు హద్దులోనే ఉంటుంది. ఇసుక, కంకర, పగలగొట్టిన కాంక్రీటు అయితే పెద్ద ట్రక్కు ఉండాలి, 1800 కిలోల పేలోడ్ ఉన్నదాంట్లో మనుషులూ ఇన్సర్టూ పోను ఇంకా 1300 కిలోలు మిగులుతాయి, అది పని జరిగే లెక్క. తడి గురించి కూడా ఆలోచించండి. వాన పడ్డాక అదే ఇసుక ఘనపు మీటరుకి 1900 దాటుతుంది. నిన్న మోసినంతే కదా అని ఈరోజు వేస్తే నిన్నటి బరువు కాదది.

మరి లెక్క కుదరకపోతే? కమాన్ పట్టీలు అదనంగా వేయిస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు, దయచేసి వినకండి. పట్టీలు వేస్తే బండి వెనక కుంగడం ఆగుతుంది, అంతే. ఇరుసు, బ్రేకులు, టైర్లు, చక్రాల బేరింగులు ఎప్పటివే. బదులుగా డంప్ ట్రెయిలర్ చూడండి. చాలా పికప్‌లు వీపు మీద మోసేదానికన్నా వెనక లాగగలిగేది ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా ట్రక్కు తొట్టి మిగతా పనులకి ఖాళీగా ఉంటుంది. హిచ్ మీద, అంటే ట్రెయిలర్ తగిలించే కొక్కెం మీద పడే బరువు మాత్రం పేలోడ్‌లోంచే పోతుంది, అది మర్చిపోకండి. ఇక ఏడాదికి మూడు నాలుగుసార్లే పని ఉంటే ఇవేవీ వద్దు, తొట్టి అడుగున పట్టా పరిచి, వెనక బిగించిన హ్యాండిల్ తిప్పితే ఆ పట్టాతో సహా లోడు బయటికి వచ్చే చవకైన సాధనం ఉంది, అది చాలు.

కొలతలు. టెయిల్‌గేట్, అంటే ట్రక్కు తొట్టి వెనక తలుపు తీసేసి కొలవండి, ఎందుకంటే ఇన్సర్ట్ పెట్టాక అది ఎలాగూ ఉండదు. పొడవు కింద నేల మీద కొలవాలి, వెడల్పు రెండు చక్రాల ఉబ్బుల మధ్య అన్నిటికన్నా ఇరుకైన చోట. బండి పేరు చెప్తే అమ్మేవాళ్లు సైజు చెప్పేస్తారు గానీ మీ టేపు మీరు పట్టుకోవడం మంచిది. లోపల ప్లాస్టిక్ లైనర్ విడిగా పరిచి ఉంటే తీసేయాలి, దాని మీద ఇన్సర్ట్ జారుతుంది. స్ప్రే చేసిన పూత అయితే ఇబ్బంది లేదు. టెయిల్‌గేట్‌లోనే రివర్స్ కెమెరా ఉంటే దాన్ని వేరే చోటికి మార్పించే ఖర్చు ముందే కలుపుకోండి, ఈ సంగతి చాలామందికి బిగించే రోజు దాకా తట్టదు. ఇంకోటి, కొత్త తొట్టి నేల పాత నేలకన్నా ఎత్తులో ఉంటుంది, చేత్తో బరువులు ఎత్తి వేసేవాళ్లకి సాయంత్రానికి ఆ తేడా భుజాల్లో తెలుస్తుంది.

తొట్టి దేంతో చేశారన్నది చాలా మాట్లాడతారు గానీ నా దృష్టిలో తేలిగ్గా తేలే విషయమే. మామూలు స్టీల్ దెబ్బలు తట్టుకుంటుంది, ఏ వెల్డింగ్ షాపులోనైనా బాగు చేయించొచ్చు, రంగు లేచిన చోట తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ తుప్పుకి లొంగదు, ఖరీదెక్కువ. అల్యూమినియం తేలిక, పేలోడ్ తక్కువ ఉన్న బండికి అదే దారి, పెద్ద రాళ్లు పైనుంచి పడేస్తే మాత్రం సొట్టలు పడుతుంది. ప్లాస్టిక్ తొట్టి నున్నగా ఉండి తడి సరుకు కూడా జారిపోతుంది, కానీ వేడి తారు కలిపిన కంకర అందులో వేయకూడదు, ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది.

జాకీ దగ్గర మాత్రం టైం తీసుకోండి. ఇన్సర్ట్‌లలో ఎక్కువగా కనిపించేది కత్తెర జాకీ, అంటే సిలిండరు నేరుగా తొట్టిని తోయకుండా కత్తెరలా విచ్చుకునే చేతుల్ని తోస్తుంది, అవి తొట్టిని ఎత్తుతాయి. బరువు ఒక్క చోట పడకుండా పరుచుకుంటుంది, పక్కకి మెలి తిరగడం తక్కువ. నేనైతే ఇదే ఎంచుకుంటాను. ఏ రకమైనా మొదటి జానెడు లేపడమే అన్నిటికన్నా కష్టం, అప్పుడు సిలిండరు దాదాపు పడుకుని ఉంటుంది కాబట్టి తోసే బలంలో పైకి వెళ్లేది కొంచెమే. పైగా తొట్టి తిరిగే మడత వెనక ఉంటుంది గనుక లోడంతా ముందుకి పోస్తే జాకీకి నరకం. వెనక్కి పోస్తే ముందు చక్రాలు తేలతాయి. మధ్యలో పోయండి. ఇంకో ప్రశ్న, దిగేటప్పుడు తొట్టి తన బరువుకి తనే దిగుతుందా, లేక పంపు కిందికి కూడా లాగుతుందా? తన బరువుకి దిగేది తేలికైన ఏర్పాటు, చెడిపోయేవి తక్కువ. చలి ఎక్కువగా ఉండే చోట నూనె చిక్కబడి ఖాళీ తొట్టి దిగడానికి మొరాయిస్తుంది కాబట్టి అక్కడ రెండోది మేలు.

ఎంత కోణానికి లేస్తుందో కచ్చితంగా అడగండి. 45 డిగ్రీలకి తక్కువైతే నేను తీసుకోను. పొడి ఇసుక కుప్ప పోస్తే తనంతట తాను 34 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, కాబట్టి అంతకన్నా బాగా ఎక్కువ వాలు ఉంటేనే తొట్టి ఖాళీ అవుతుంది. జిగట మట్టికి ఆ వాలు కూడా చాలదు. వాన వెలిసిన మర్నాడు నేను ఒకసారి నల్లమట్టి వేసుకెళ్లాను. తొట్టి పూర్తిగా లేచింది, వెనక భాగంలోని మట్టి పోయింది, ముందు మూలల్లో మాత్రం రెండు పెద్ద ముద్దలు అలాగే అతుక్కుని తల మీద వేలాడుతున్నాయి. పక్కనున్నతను బండిని ముందుకి దూకించి బ్రేకు కొట్టమన్నాడు, అలా చేస్తే ఊడుతుందట. చేయలేదు, మీరూ చేయకండి. లేచి ఉన్న తొట్టితో బండి కదిపితే ఆ కుదుపంతా మడత పిన్నుల మీద, జాకీ మీద పడుతుంది, బండి పక్కకి ఒరిగినా ఒరుగుతుంది. తొట్టి దించి, పొడుగు కర్ర ఉన్న పారతో ముద్దల్ని వదులు చేసి, మళ్లీ లేపితే జారిపోయాయి. పది నిమిషాల పని. అప్పటినుంచి జిగట మట్టి వేసే ముందు అడుగున, మూలల్లో పొడి ఇసుక పల్చగా చల్లుతున్నాను.

వెనక డోరు రెండు రకాలుగా తెరుచుకోవాలి. పైన మడత ఉండి కింద నుంచి తెరుచుకుంటే కంకర పోసుకుంటూ పోవచ్చు, గొలుసులతో ఎంత తెరవాలో ఆపొచ్చు. కింద మడత ఉండి పూర్తిగా పడుకుంటే కొమ్మలు, పెద్ద సామాన్లు అడ్డు పడవు. తొట్టి లేచినప్పుడు దాని అంచు బంపర్ దాటి బయటికి వస్తుందో లేదో కూడా చూడండి, రాకపోతే ప్రతి లోడుకీ బంపర్ మీద, హిచ్ మీద గుట్ట మిగులుతుంది.

కరెంటు పని చాలామంది చిన్నచూపు చూసేది, రిపేర్లు ఎక్కువగా వచ్చేదీ అక్కడే. నిండు లోడు ఎత్తేటప్పుడు పంపు మోటారు 150 ఆంపియర్లు లాగడం మామూలే, అంటే ముప్పై హెడ్‌లైట్ బల్బులు ఒకేసారి వెలిగించినదానికన్నా ఎక్కువ. సన్న వైరు వేస్తే దారిలోనే వోల్టేజి పడిపోయి మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, మీరు పంపు చెడిపోయిందనుకుంటారు. బొటనవేలు మందం కేబుల్ నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, నెగటివ్ కూడా తొట్టి బోల్టుకి కట్టేయకుండా బ్యాటరీ దాకా వెళ్లాలి, బ్యాటరీ దగ్గరే సర్క్యూట్ బ్రేకర్ ఉండాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచే తొట్టి లేపండి. రోజుకి పదిసార్లు పోసే పని అయితే ఇన్సర్ట్‌కి వేరే బ్యాటరీ పెట్టించుకోవడం తెలివైన పని.

బిగించడం అంటే బోల్టులు తొట్టి రేకుకి కాదు, ఛాసిస్‌కి పట్టాలి. డ్రిల్ పెట్టే ముందు ఒకరు కింద దూరి డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు ఎక్కడున్నాయో చూడకుండా ఒక్క రంధ్రం కూడా వేయనివ్వకండి. ట్రక్కు తొట్టి అల్యూమినియందైతే, ఉదాహరణకి 2015 మోడల్ నుంచి వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150లు అలాంటివే, స్టీల్ ఫ్రేమ్ దానికి నేరుగా ఆనకూడదు. రెండు లోహాల మధ్య తడి చేరితే అల్యూమినియం తినేస్తుంది, మధ్యలో రబ్బరు షీటు వేయించండి.

ఇన్సర్ట్‌తో పాటు ఊతకర్ర వస్తుందో లేదో తప్పకుండా అడగండి, అంటే లేచిన తొట్టి కింద అడ్డంగా నిలబెట్టే ఇనుప కమ్మీ. గ్రీజు పెట్టాలన్నా, ఇరుక్కున్న రాయి తీయాలన్నా అది పెట్టకుండా తొట్టి కిందికి తల కూడా దూర్చకూడదు. తొట్టిని పైన పట్టుకుని ఉంచేది సిలిండరులో ఉన్న నూనె ఒక్కటే, ఒక పైపు చిట్లితే అరవడానికి కూడా టైం ఉండదు. ఈ విషయంలో నేను మా ఇంట్లోవాళ్లని, పనివాళ్లని ఎన్నిసార్లు విసిగించానో నాకే తెలియదు, ఇంకా విసిగిస్తాను. బండి సమనేల మీద ఉందా, పైన కరెంటు తీగలున్నాయా, వెనక డోరు గొళ్లెం తీశామా అన్నది చూశాకే బటన్ మీద వేలు పెట్టాలి. గొళ్లెం తీయడం మర్చిపోయి లేపితే లోడంతా వెనక్కి జారి మూసిన డోరు మీద పడి బండి ముందు భాగాన్నే గాల్లోకి లేపేస్తుంది.

ఇక డబ్బు మొత్తం కట్టే ముందు అక్కడే ఒక పరీక్ష పెట్టండి. ఖాళీ తొట్టిని సగం దాకా లేపి ఆపి, అంచు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, కింద పాత పేపరు పరిచి, పావుగంట ఆగండి. మళ్లీ కొలిస్తే అంచు కిందికి వచ్చినా, పేపరు మీద నూనె చుక్క కనిపించినా సీలో వాల్వో సరిగా లేనట్టే, వేరేది తెమ్మనండి. సీలు కిట్టు, రిలే, రిమోట్ విడిగా దొరుకుతాయా అని కూడా అప్పుడే అడగాలి. ఇంటికి తెచ్చాక ట్యాంకు నిండా ఇంధనంతో ఒకసారి కాటా ఎక్కించి బండి అసలు బరువు రాసుకోండి, వెనక ఇరుసు బరువు విడిగా కూడా తూయించండి, మీరు ఎంత వేసుకోవచ్చో ఆ చీటీయే చెప్తుంది. నూనె మట్టం తొట్టి పూర్తిగా దించి ఉన్నప్పుడే చూడాలి, లేచి ఉన్నప్పుడు తగ్గిందనుకుని పోస్తే దించగానే పొంగిపోతుంది. మొదటి నాలుగైదు లోడ్లు అయ్యాక పానా తీసుకుని బిగింపు బోల్టులన్నీ మళ్లీ ఒక చుట్టు చూడండి, కొత్తగా కూర్చున్న ఫ్రేమ్ సర్దుకునే కొద్దీ వాటిలో ఒకటో రెండో వదులై ఉంటాయి.