పేస్‌మేకర్‌కు ఒప్పుకునే ముందు అమెరికా ట్రిప్ సంగతి చెప్పండి

నా ఉద్యోగమంతా ఈసీజీ గదిలోనే గడిచింది. ఇప్పుడు రిటైరై మల్కాజిగిరిలో ఉంటున్నాను. ఎండలు ముదిరితే మా కాలనీ పెద్దవాళ్లు చాలామంది పిల్లల దగ్గరికి న్యూజెర్సీ, కనెక్టికట్ వైపు వెళ్లిపోతారు. ఇది వాళ్ల కోసం.

అక్కడి పొదల్లో, గడ్డిలో లైమ్ అనే బ్యాక్టీరియా జబ్బును అంటించే పిడుదులు ఉంటాయి. పిల్ల పిడుదు గసగసాల గింజంతే, కుట్టినా తెలియదు. ఆ జబ్బు నమోదైనవాళ్లలో నూటికి ఒకరికి గుండె దాకా పాకుతుంది. గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు వెళ్లడం నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది, అదే హార్ట్ బ్లాక్. ఎక్కువగా కుట్టిన నెల, రెండు నెలలకు. అంటే మీరు శంషాబాద్‌లో దిగి, ఆ నడకలన్నీ మర్చిపోయాక.

తల తిరగడం, కళ్లు బైర్లు కమ్మడం, ఆయాసం, దడ ఉంటే గ్యాసేలే అని సోడా తాగి పడుకోకండి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయండి.

అరవై దాటిన మనిషికి బ్లాక్ కనబడితే ఇక్కడి డాక్టర్ వయసు వల్లే అనుకుంటారు. అది తప్పేం కాదు, ఈ జబ్బు మన దగ్గర అరుదు. అందుకే ఎప్పుడు, ఎక్కడికి వెళ్లారో, ఒంటి మీద పెరుగుతూ పోయిన మచ్చ, జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయో లేదో మీరే చెప్పాలి. మన చామనఛాయ మీద ఆ మచ్చ ఎరుపు సరిగా తెలియదు, కొందరికి అసలు రాదు.

ఈసీజీలో పీఆర్ అనే అంకె చూడండి, కరెంటు పై గదుల నుంచి కింది గదులకు చేరడానికి పట్టే సమయం అది. మామూలుగా 120 నుంచి 200 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది. 300 దాటినా, బ్లాక్ రెండో డిగ్రీ (కొంత కరెంటు ఆగిపోవడం), మూడో డిగ్రీ (పూర్తిగా ఆగిపోవడం) అయినా మానిటర్ కింద అడ్మిట్ కావాల్సిందే. ‘ఇప్పుడు బాగానే ఉంది, రేపొస్తాం’ అనకండి. ఈ బ్లాక్ గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లోనే పూర్తి బ్లాక్ అయిపోతుంది. అన్నట్టు, ఈసీజీ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, వెంటనే ఫోటో తీసుకోండి.

అనుమానం బలంగా ఉంటే రక్తపరీక్ష ఫలితం వచ్చేలోపే మందు మొదలుపెడతారు. పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 2 గ్రాముల సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కిస్తారు. కుదురుకున్నాక డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు. మొత్తం 14 నుంచి 21 రోజులు. గుండె మరీ నెమ్మదిస్తే తాత్కాలిక పేస్‌మేకర్ పెడతామంటారు, దానికి అడ్డు చెప్పొద్దు. పర్మినెంట్ గురించి మాత్రం ‘డాక్టర్ గారూ, ఇది లైమ్ కావచ్చా? అయితే మందు పనిచేసేదాకా ఆగొచ్చా?’ అని అడగండి. లైమ్ వల్ల వచ్చిన బ్లాక్ చాలామందికి మందుతోనే తగ్గిపోతుంది. వయసు వల్ల వచ్చింది అలా తగ్గదు, అప్పుడు నా మాట పట్టుకుని పేస్‌మేకర్ వద్దనకండి.

ఈ ఏడాది వెళ్లేవాళ్లు వాకింగ్ నుంచి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, నడుం దగ్గర చూసుకోండి. పిడుదు కనబడితే కిరసనాయిలు పోయొద్దు, అగ్గిపుల్ల పెట్టొద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగేయండి. ఆ తేదీ ఫోన్‌లో రాసిపెట్టుకుని, పిడుదును తీసేసిన 72 గంటల్లోపు అక్కడి డాక్టర్‌కు చెప్తే, అవసరమనుకుంటే ఒక్క డోసు డాక్సీసైక్లిన్ ఇస్తారు.