రిటర్న్ ఆడిట్‌కి వెళ్లినప్పుడు నాకు పనిచేసిన పద్ధతి

నా పన్ను రిటర్న్‌ను ఆడిట్‌కి తీసుకున్నట్టు లేఖ వచ్చింది. చూపిన ఆదాయం కంటే బ్యాంకులో ఎక్కువ జమైందన్నది ప్రశ్న. ఫోన్లు చేశాను, ఉన్న కాగితాలన్నీ ఒకేసారి పంపాను. తేలలేదు, టెన్షన్ పెరిగింది.

చివరికి లేఖను మళ్లీ నింపాదిగా చదివి, ఏ సంవత్సరం, ఏ అంశం, ఏ తేదీలోగా అన్నవి రాసుకున్నాను. గడువు చాలదనిపించి, అది దాటకముందే పొడిగింపు కోరుతూ లేఖ రాశాను. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ప్రతి జమ పక్కన అదెక్కడిదో రాశాను: జీతం, స్నేహితుడు తిరిగిచ్చిన అప్పు, నా ఇంకో ఖాతా నుంచి మార్చుకున్నది. తేడా ఎక్కువగా ఈ చివరి దాంట్లోనే ఉంది. సొంత ఖాతాల మధ్య తిప్పుకున్న డబ్బు ఆదాయం కాదు కదా! ఒక్కో జమకి ఒక నంబరు వేసి, అదే నంబరు రుజువు కాగితం మీదా వేశాను. పైన ఒక పేజీ వివరణ పెట్టి, నకళ్లే ఇచ్చి, రసీదు తీసుకున్నాను.

రెండు వడ్డీ జమలు నిజంగానే మర్చిపోయాను. ఒప్పుకుని పన్ను కట్టాను. మిగతా వివరణ అంగీకరించారు.

నాది జీతం మీద నడిచే చిన్న కేసు. వ్యాపార లెక్కలున్నవాళ్లకు ఇంతే సరిపోతుందని చెప్పలేను. లేఖలో మోసం అన్న మాట కనిపిస్తే మాత్రం, జవాబు రాసేముందే పన్ను న్యాయవాదిని కలవండి.