టెండరు దక్కడం లేదా, బిల్లు రావడం లేదా? మన చిన్న యూనిట్లకు సమస్య - పరిష్కారం

రాజాంలో దుప్పట్లు కుట్టేవాళ్లున్నారు, పలాసలో జీడిపప్పు ప్యాక్ చేసేవాళ్లున్నారు. పక్కనే విశాఖలో పెద్ద పెద్ద కేంద్ర సంస్థలున్నాయి. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనేదాంట్లో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న యూనిట్ల నుంచి తీసుకోవాలి. ఆ 25లోనే 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు, 3 శాతం మహిళల యూనిట్లకు. ఆ డబ్బు మన ఊళ్లకు ఎందుకు రావడం లేదో చూద్దాం.

ధరావతుకు (టెండరుతో పాటు కట్టే డిపాజిట్‌కు) డబ్బు లేక టెండరే వేయలేదు

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (కేంద్రం దగ్గర చిన్న యూనిట్‌గా నమోదు) లేకపోవడమో, ఉన్నా అందులో 'ట్రేడింగ్' అని పడటమో కారణం. వ్యాపారులకు ఈ సౌకర్యాలు ఉండవు. తయారీ లేదా సేవ అని నమోదైతే కేంద్ర సంస్థల టెండర్లలో ధరావతు మినహాయింపు ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకు పైసా ఇవ్వకండి.

రేటు ఎక్కువని పోయింది

అందరికంటే తక్కువ రేటు పెద్ద కంపెనీది, 100 రూపాయలు అనుకుందాం. మీది 115 లోపు ఉంటే, 100కే ఇస్తామని ఒప్పుకుని కనీసం 25 శాతం సరుకు అడగవచ్చు. నష్టానికి మాత్రం ఒప్పుకోకండి. ఈ కొనుగోలు నిబంధన రాష్ట్ర శాఖలకు వర్తించదు, అక్కడ వాళ్ల టెండరు షరతులే చూసుకోవాలి.

సరుకు ఇచ్చాం, బిల్లు రాలేదు

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఆగిపోయేది కుట్టిన ఆడవాళ్ల కూలి. 'మళ్లీ ఆర్డరు ఇవ్వరేమో' అని మనవాళ్లు అడగరు. అడగాలనుకున్నా చేతిలో కాగితం ఉండదు. సరుకు దించేశాక డెలివరీ చలానా మీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకోరు. అసలు పని అక్కడే ఉంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఒప్పందంలో ఏం రాసుకున్నా, ఆ రోజు నుంచి డబ్బు కట్టడానికి 45 రోజులకు మించి గడువు ఉండకూడదు. గడువే రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ఇది 2006 నాటి చట్టం, రాష్ట్ర ఆఫీసయినా ప్రైవేటు కంపెనీ అయినా కట్టాల్సిందే.

ముందు ఆ లెక్కతో ఉత్తరం పెట్టండి. కదలకపోతే, చిన్న యూనిట్ల బకాయిల కేసులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. ఆర్డరు తీసుకునే నాటికే ఉద్యమ్ ఉండేలా చూసుకుంటే పేచీ రాదు. కొన్నవాళ్లు దేశంలో ఏ మూల ఉన్నా, మీ యూనిట్ ఉన్న చోటి కౌన్సిల్‌కే ఆ కేసు వినే అధికారం ఉంది.