పండగకు బైకు మీద ఊరికి వెళ్లేవారికి: లారీకి ఎడమ పక్కన దూరకండి

పోయిన వారం మా ఊరి బైపాస్ దగ్గర ఒక ట్రైలర్ ఎడమవైపున్న గోదాములోకి తిరిగింది. దానికీ రోడ్డు పక్క రెయిలింగుకూ మధ్యలోంచి ముందుకు పోబోయిన కుర్రవాడు ఇంటికి చేరలేదు. నేను వెళ్లేసరికి హెల్మెట్ పక్కన పెట్టి ఉంది, దాని మీద గీత కూడా పడలేదు. జనమంతా డ్రైవర్‌ను తిడుతున్నారు. అతను మట్టిలో కూలబడి "కనబడలేదు సార్, కనబడలేదు" అని అదే మాట అంటున్నాడు. ఇరవై రెండేళ్లు లారీ నడిపినవాణ్ని. అతను అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు.

సంక్రాంతి వస్తోంది. బస్సులో సీటు దొరకనివారంతా బైకులు తీసి హైదరాబాద్ నుంచి చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ దారి పడతారు. టోల్ గేటు దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి. బైకుకు టోల్ లేదు కాబట్టి పక్క సందులోంచి జారుకుంటారు. సందు కనబడితే దూరిపోయే ఆ అలవాటు గేటుతో ఆగదు, ఊరు చేరేదాకా వెంట వస్తుంది. తాగి నడపకండి, హెల్మెట్ పెట్టుకోండి అని నేను చెప్పబోవడం లేదు. అవి తెలియనివారు లేరు. నేను చెప్పేది లారీకి, బస్సుకు, ట్రైలర్‌కు ఎడమ పక్కన దూరవద్దని.

ఎందుకంటే డ్రైవర్ కూర్చునేది కుడివైపు, అదీ మీ తల కంటే ఎత్తులో. ఎడమ ముందు చక్రం పక్కన ఉన్నది అతనికి కిటికీలోంచి కనబడదు. అద్దాల్లోనూ సరిగ్గా అందదు. ఒకప్పుడు ఆ కిటికీలో క్లీనర్ ఉండేవాడు. తల బయట పెట్టి, తలుపు మీద అరచేత్తో కొడుతూ "రానీ, రానీ, ఆగు" అనేవాడు. ఎడమవైపు మా కళ్లు అతనివే. ఇప్పుడు చాలా బండ్లలో డ్రైవర్ ఒక్కడే. మొన్న మా అబ్బాయిని తెలిసినవారి లారీ క్యాబిన్‌లో కూర్చోబెట్టి, వాడి బైకునే తీసుకెళ్లి ఎడమ చక్రం పక్కన నిలబెట్టాను. "బైకు ఎక్కడ పెట్టావు నాన్నా?" అని అడిగాడు.

రెండో సంగతి ఇంకా ప్రమాదం. ఎడమకు తిరగాల్సిన పొడవాటి బండి ముందు కాస్త కుడికి జరుగుతుంది. ఎడమవైపు ఖాళీ కనబడగానే మనకు దారి ఇచ్చాడనుకుంటారు. అది దారి కాదు, మలుపు తీసుకోవడానికి అతను చేసుకున్న చోటు. వెనుక చక్రాలు ముందు చక్రాలు వెళ్లిన జాడలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. మీరు దూరినప్పుడు ఆరడుగులున్న సందు మలుపు సగానికి వచ్చేసరికి అడుగు కూడా ఉండదు. లారీ కుడికి జరిగిందా, మీరు వెనుకే ఆగండి.

లారీలు కుడి లేన్ వదలవు, మేమేం చేయాలి అంటారు. నిజమే, తప్పు వాళ్లదే. హారన్ కొట్టండి, లైటు వేయండి, అయినా జరగకపోతే వెనకబడండి. పది నిమిషాలు ఆలస్యమైతే అరిసెలు చల్లారిపోవు. ముందు పెట్రోలు బంకో, డాబానో, సర్వీస్ రోడ్డో ఉంటే అసలే వద్దు, ఆ లారీ దానిలోకే తిరుగుతుందనుకోండి.

ఇక మంచు. తెల్లవారుజామున బయలుదేరకండి, ఎండ వచ్చాక కదలండి. మంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేస్తుంది, డిమ్‌లోనే నడపండి. ముందు లారీ ఎర్ర దీపాన్ని పట్టుకుని అంటుకుపోవద్దు. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మీ చేయి బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ దూరం అయిపోతుంది. చెడిపోయి పక్కన ఆగిన లారీకి, చెరకు ట్రాలీకి వెనుక ఏ దీపమూ ఉండకపోవచ్చు.

ఇక గాలిపటాల దారం, మాంజా మాట. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది, అయినా దొరుకుతూనే ఉంది. గాలిలో ఆ దారం కంటికి కనబడదు, మెడకు తగిలితేనే తెలుస్తుంది. మెడకు మందపాటి మఫ్లర్ చుట్టుకోండి. హెల్మెట్ అద్దం దించండి. ఊళ్లలో, ఫ్లైఓవర్ల మీద నెమ్మదిగా వెళ్లండి.

మిగిలినవి గుర్తొచ్చిన వరుసలో చెబుతాను. చున్నీ, చీర కొంగు ముడి వేసుకోండి. పిండివంటల డబ్బా ట్యాంకు మీద పెట్టుకోవద్దు, హ్యాండిల్ తిరగదు. నాలుగేళ్లలోపు పిల్లలుంటే 40 దాటకూడదు, పిల్లలకు బెల్టూ హెల్మెటూ ఉండాలి, ఇది నా సలహా కాదు, నిబంధన. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద బ్రేకు నొక్కవద్దు. రాత్రి దాని చుట్టూ పెట్టిన రాళ్లు చూసుకోండి. లారీని దాటిన వెంటనే దాని ముందుకు కోయవద్దు. లోడు బండి మీ బైకులా ఆగదు. అద్దంలో దాని రెండు హెడ్‌లైట్లూ కనబడ్డాకే ఎడమకు రండి. బంకు కోసం ఎదురుదారిలో రావద్దు. ఫోను సంచిలో పెట్టండి, జేబులో కాదు. నిద్ర వస్తే ఆగండి, టీ తాగి సర్దుకోవడం కాదు, అరగంట పడుకోండి. బస్సు స్టాపులో ఆగినప్పుడు కూడా ఎడమ పక్కన దూరవద్దు, దిగేవాళ్లు మీ మీదే దిగుతారు. సిగ్నల్ దగ్గర లారీ పక్కన నిలబడవద్దు, వెనుక నిలబడండి. ఎడమ పక్కన అసలే వద్దు, ఎన్నిసార్లు చెప్పినా ఇదే.

దారిలో ఎవరైనా పడిపోయి ఉంటే 108కి ఫోను చేయండి, జాతీయ రహదారి అయితే 1033 కూడా ఉంది. హెల్మెట్ గుంజి తీయవద్దు. నీళ్లు తాగించవద్దు. సాయం చేసినవారికి చట్టంలో రక్షణ ఉంది, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. భయపడి వెళ్లిపోకండి. పడిపోయిన బండి తాళం తీసి, వెనుక వచ్చేవాళ్లకు కనబడేలా ఒకరిని దూరంగా, రోడ్డు అంచున నిలబెట్టండి.