పాల కవర్ మీద రాలుటాకులు

ఇండీ (చిన్న సొంత బ్రాండ్ల) నెయిల్ పాలిష్ చిన్న సీసాకే బోలెడు రేటు. దానితో గోరు మీద నేరుగా ఆకు గీయబోతే, ఎడమ చేతికి బాగానే వస్తుంది, కుడి చేతికి వచ్చేసరికి మొత్తం అలికేసినట్టే.

అందుకే ఆకుల్ని ముందే పాల కవర్ మీద తయారు చేసుకుని గోరుకి అంటించుకుందాం. పాల ప్యాకెట్ కవర్ కత్తిరించి, కడిగి, పొడిగా తుడవండి. లోపలి నున్నటి వైపు తుప్పు రంగు, ఆవపిండి రంగు, మెరూన్ పక్కపక్కనే రూపాయి బిళ్లంత మేర పూయండి. పది నిమిషాల తేడాతో రెండు కోటింగులు, పైన ఒక టాప్ కోట్ (రంగులేని పై పూత). రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి పొరలా ఊడొస్తుంది. చిన్న కత్తెరతో ఆకులు కత్తిరించుకోండి. మేపుల్ ఆకు జోలికి పోకండి, ఆ మూలలన్నీ చిరుగుతాయి. మన వీధుల్లో ఎర్రబడి రాలే బాదం ఆకు ఆకారం చాలు, కోడిగుడ్డులా ఉంటుంది కాబట్టి సులువు. ఈనెకి టూత్‌పిక్‌తో బంగారు రంగు ఒక్క గీత.

గోరుకి వేసిన లేత రంగు ఆరాక పల్చగా టాప్ కోట్ వేసి, తడిగా ఉండగానే ఆకు అంటించి నొక్కండి. అంచులు లేవకుండా పైన ఇంకో కోటు. కొత్త షేడ్ ఎలా ఉందో కూడా ఆ పొరని గోరు మీద పెట్టి చూసుకోవచ్చు, రిమూవర్ ఖర్చు ఉండదు.

హైదరాబాద్‌లో ముసురు పట్టిన రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. పొర సరిగ్గా ఆరక బంకలా సాగుతుంది. జెల్ పాలిష్ అయితే దానికోసం వాడే యూవీ ల్యాంప్ లేకుండా సరిగ్గా గట్టిపడదు.