వియత్నాంలో మూడు నెలలు: వీసా నుంచి గడ్డపెరుగు దాకా

వారం రోజుల ప్యాకేజీలో వెళ్తే వియత్నాం అంటే హా లాంగ్ బే పడవ, ఒక కేబుల్ కారు, రోజూ రాత్రి ఇండియన్ రెస్టారెంటు. మూడు నెలలుంటే లెక్క వేరు. ఎక్కడ ఏ నెలలో ఉండాలి, ఏం తినాలి, కెమెరా తడవకుండా ఎలా చూసుకోవాలి అనే మూడూ ముందే తేల్చుకోవాలి.

వీసా, నెలల వరస

2023 ఆగస్టు 15 నుంచి ఈ-వీసా 90 రోజులకు ఇస్తున్నారు. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, ఎన్నిసార్లయినా వెళ్లి వచ్చేందుకు 50. మధ్యలో కంబోడియా దాటి అంగ్కోర్ వాట్ చూసి రావాలనుకుంటే రెండోదే తీసుకోవాలి. లేకపోతే సరిహద్దు దాటగానే మొదటి వీసా చెల్లిపోయినట్టే. వెతికితే ప్రభుత్వ సైటులాగే కనిపించే ఏజెంట్ల సైట్లు చాలా వస్తాయి. చిరునామా చివర ‘గవ్ డాట్ వీఎన్’ ఉన్నదే అసలుది.

మనవాళ్లు దెబ్బతినేది పేరు దగ్గర. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు దాని గడిలో ఉంటుంది, కొందరికి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. ఆధార్‌లో ఎలా ఉంది, టికెట్‌లో ఎలా ఉంది అని చూడొద్దు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరసలుంటాయి, వాటితో ఒక్కో అక్షరం సరిపోల్చుకోండి. వీసాలో ఒక్క అక్షరం తేడా ఉన్నా విమానాశ్రయం కౌంటరులోనే ఆపేయొచ్చు. కట్టిన ఫీజు వెనక్కి రాదు. అందుకే ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే అప్లై చేస్తే, తప్పుపడినా మళ్లీ చేసుకునే వ్యవధి ఉంటుంది.

దేశం పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ. ఉత్తరాన హనోయ్ నుంచి దక్షిణాన సైగాన్‌కు (హో చి మిన్ సిటీ) రైలు దారి 1,726 కి.మీ. అందుకే ఒకే రోజున ఒక చోట ఎండ, ఇంకో చోట వరద. మధ్య ప్రాంతంలో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వానలు. అక్టోబరు, నవంబరుల్లో అక్కడి పాత పట్నం హోయ్ ఆన్ వీధుల్లోకి నది వచ్చేయడం మామూలే. అన్నిటికంటే కలిసొచ్చే వరస ఇది: మార్చిలో దక్షిణం, ఏప్రిల్‌లో మధ్య ప్రాంతం, మేలో ఉత్తరం. మార్చి 1న దిగితే మే 29కి 90 రోజులు నిండుతాయి. దిగిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది. ఏప్రిల్ 30, మే 1 వాళ్లకు జాతీయ సెలవులు. ఆ వారం రైలు టికెట్లు, గదులు దొరకడం కష్టం కాబట్టి ముందే కొనండి. ‘తేత్’ కొత్త సంవత్సరం (2027లో ఫిబ్రవరి 6) చుట్టూ వారం రోజులు చిన్న హోటళ్లు చాలావరకు మూసేస్తారు. ఫొటోలకు బాగుంటుంది కానీ కడుపుకు కాదు.

డబ్బు, గది, బండి

లక్ష డాంగ్ అంటే మన డబ్బులో సుమారు మూడు వందల ముప్పై రూపాయలు. 10,000, ఆపై నోట్లు ప్లాస్టిక్‌వి. 20,000, 5,00,000 నోట్లు రెండూ నీలమే. చీకట్లో టాక్సీ దిగేటప్పుడు ఒకటి ఇవ్వబోయి ఇంకొకటి ఇచ్చేస్తారు. 5 లక్షల నోట్లను పర్సులో వేరే అరలో పెట్టుకోవడమే మందు.

గది నెలకు తీసుకోబోయే ముందు మూడు రాత్రులు హోటల్లో దిగి, వీధులు తిరిగి, కళ్లతో చూసి మాట్లాడుకోండి. కరెంటుకు యూనిట్ లెక్కన విడిగా తీసుకోవడం మామూలు. దిగిన రోజే మీటరు ఫొటో తీసి ఉంచండి. మీ పేరు స్థానిక పోలీసుల దగ్గర నమోదు చేయించాల్సింది ఇంటి యజమాని. హోటల్లో అది వాళ్లే చేసేస్తారు, ఇంట్లో దిగితే గుర్తు చేసి అడగాలి. వంటగదిలో ఎక్కువగా ఇండక్షన్ పొయ్యే ఉంటుంది. ఇంటి నుంచి అల్యూమినియం కుక్కరు మోసుకెళితే అది అక్కడ ఉట్టి బరువే. తీసుకెళ్లేదుంటే ఇండక్షన్ అడుగున్న 2 లీటర్ల స్టీలు కుక్కరు చాలు. మన సన్న గుండ్రటి రెండు పిన్నుల ప్లగ్గు అక్కడ పడుతుంది, మూడు పిన్నులది పట్టదు.

బైకు గురించి ఒక్క మాట. మన ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ 1949 ఒప్పందం కిందది. వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం కిందిదాన్నే. అద్దెకిచ్చేవాడు అడగడు. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ అడుగుతుంది. ఊళ్లో గ్రాబ్ యాప్ (మన ఓలా లాంటిది), హోయ్ ఆన్‌లో సైకిలు సరిపోతాయి.

పిలుపు

వియత్నామీస్‌లో ‘నువ్వు’ అనడానికి వరస కావాలి. పెద్దవాడైతే ‘ఆన్’ (అన్న), పెద్దదైతే ‘చీ’ (అక్క), చిన్నవాళ్లెవరైనా ‘ఎమ్’. నాన్నకు అన్న అయితే ‘బాక్’, తమ్ముడైతే ‘చూ’, మేనత్త ‘కో’. ఇంగ్లీషువాళ్లకు నెలలు పట్టే ఈ వ్యవహారం పెదనాన్న, బాబాయిలతో పెరిగినవాళ్లకు ఒక పూటలో వచ్చేస్తుంది. హోటల్లో చిన్న వయసు సర్వరును పిలవాలంటే ‘ఎమ్ ఓయ్’. అచ్చం మన ‘ఏమోయ్’ లాగే. వయసులో పెద్దామెను ‘చీ ఓయ్’ అనాలి. మొదటి వారం నోరు రాదు కానీ అక్కడ అది మర్యాదే.

తిండి

ముందు తెలుసుకోవాల్సింది ‘నుక్ మామ్’. చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం. కూర, పచ్చడి, సలాడు దేంట్లోనైనా పడుతుంది. కూరగాయలే కదా అని ఆర్డరిచ్చిన తోటకూర వేపుడులో కూడా ఉంటుంది. ‘మాంసం వద్దు’ అంటే ఇది ఆగదు. శాకాహారులు అనాల్సిన మాట ‘చయ్’, అంటే బౌద్ధుల శాకాహారం. ‘తొయ్ అన్ చయ్’ అంటే నేను శాకాహారిని. ‘చయ్’ని సమంగా, ఎత్తూ పల్లం లేకుండా పలకాలి. స్వరం పైకి పోతే ‘కాలిపోవడం’, కిందికి బరువుగా పడితే ‘పరుగెత్తడం’. నమ్మకం లేకపోతే ఫోనులో రాసి చూపించడం మేలు.

‘క్వాన్ చయ్’ అని బోర్డున్న హోటళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, గుళ్లు ఎక్కువున్న హువే ఊళ్లో మరీ ఎక్కువ. వీటిలో ఆచారం పాటించేవాళ్లు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. కార్తీకం పట్టేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? మెనూలో ‘బో’ (గొడ్డు మాంసం), ‘తోమ్’ (రొయ్య) పేర్లు చూసి లేచిపోకండి. సోయా, గోధుమలతో ఆ ఆకారంలో చేసినవి అవి. చాంద్రమాసం 1, 15 తేదీల్లో మామూలు జనం కూడా చయ్ తింటారు కాబట్టి ఆ రోజుల్లో వీధి బండ్ల మీద కూడా దొరుకుతుంది. మొదటి తేదీ మన అమావాస్య నాడో మర్నాడో పడుతుంది, 15 పౌర్ణమికి అటూ ఇటూ. ఫోనులో తెలుగు క్యాలెండరు ఉంటే చాలు.

మాంసం తినేవాళ్లు నేర్చుకోవాల్సినవి నాలుగు: ‘గా’ కోడి, ‘బో’ గొడ్డు, పంది దక్షిణంలో ‘హెవ్’, ఉత్తరంలో ‘లొన్’. ‘ఫో గా’ కోడి నూడుల్స్ పులుసు. కుక్క మాంసం వద్దనుకునేవాళ్లు హనోయ్ వైపు బోర్డు మీద ‘తిత్ చో’ అని ఉందేమో చూసుకోవాలి.

హోయ్ ఆన్‌లో తప్పక తినాల్సింది ‘కావ్ లావ్’. పసుపు ఛాయ ఉన్న మందపాటి బియ్యపు నూడుల్స్, పంది ముక్కలు, ఆకులు, పైన కరకరలాడే ముక్కలు, అడుగున రెండు గరిటెల పులుసు. నూడుల్స్‌కు ఆ గట్టిదనం బూడిద నీళ్ల వల్ల వస్తుంది. ‘బాన్ సెవ్’ చూస్తే మన అట్టే అనిపిస్తుంది. బియ్యప్పిండి, పసుపు, పులియబెట్టరు. దాన్ని చించి, ఆకుల్లో చుట్టి, ముంచుకుని తింటారు. ఆ ఆకుల పళ్లెంలో గుండె ఆకారంలో ఉన్న చిన్న ఆకు ‘జియెప్ కా’. నమిలితే పచ్చి చేప వాసన. శాకాహారులు తమ పళ్లెంలో చేప కలిపారని గొడవపడేది దీని మీదే. అది ఆకే. నచ్చకపోతే పక్కన పెట్టేయొచ్చు.

పదో రోజుకల్లా పెరుగన్నం మీదకు మనసు పోతుంది. అంగళ్లలో చిన్న కప్పుల్లో దొరికే ‘సూవా చూవా’ పెరుగే కానీ చక్కెర వేసినది. దానిమీద ‘ఖోమ్ దూంగ్’ (చక్కెర లేదు) అని ఉన్నది ఏరుకోవాలి. లీటరు పాలు కాచి, వేలు పెట్టి పది లెక్కించగలిగేంత వేడికి చల్లార్చి, ఈ పెరుగు రెండు చెంచాలు కలిపితే ఆ ఉక్కలో ఆరు గంటల్లో తోడుకుంటుంది. అన్నం మాత్రం అక్కడ మెత్తగా, జిగటగా ఉంటుంది. బియ్యం అంగట్లో రాశుల మీద గుచ్చిన అట్టల్లో ‘పొడిగా విచ్చుకునేది’ ఏదో ఫోను అనువాదంతో చదివించుకుని కొంటే మన అన్నానికి దగ్గరగా వస్తుంది.

కెమెరా

ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన కెమెరా లెన్సు మీద వెంటనే ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. బయలుదేరే ముందు జిప్ సంచిలో పెట్టి మూసి, గది బయట అరగంట ఉంచాలి. తేమ లెన్సు మీద కాకుండా సంచి పైన పడుతుంది. రాత్రిళ్లు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో దాచకపోతే మూడు నెలల్లో లెన్సు లోపల బూజు రావచ్చు.

హోయ్ ఆన్ లాంతర్లు తీయాల్సింది చీకటి పడ్డాక కాదు. సూర్యాస్తమయం తర్వాత ఇరవై నిమిషాలు ఆకాశం ముదురు నీలంగా ఉన్నప్పుడు. ఏప్రిల్‌లో అది ఆరున్నర ప్రాంతం, ఆరింటికే చోటు పట్టుకోవాలి. అపర్చరు ఎఫ్ 2, షట్టరు 1/60 సెకను, ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టి, ఎక్స్‌పోజరు ఒక స్టాపు (అంటే వెలుగు సగానికి) తగ్గించండి, లేకపోతే లాంతరు కాగితం తెల్లమచ్చ అయిపోతుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే పసుపు వెలుగును కెమెరా చంపేస్తుంది. 4000 కెల్విన్ దగ్గర కట్టేయండి. చాంద్రమాసం 14వ రాత్రి పాత పట్నంలో కరెంటు దీపాలు చాలావరకు ఆర్పేస్తారు. అంటే పౌర్ణమికి ఒకటి రెండు రోజుల ముందు. ఆ రాత్రి ఊళ్లో ఉండేలా టికెట్లు చూసుకోండి.

హోయ్ ఆన్‌కు 40 కి.మీ.లో ‘మీ సన్’ అనే పాత గుళ్ల సముదాయం ఉంది. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అనే చామ్ రాజు (ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజ్యం ఆయనది) భద్రేశ్వరుడి పేర శివాలయం కట్టించిన చోటు. సంస్కృత శాసనాలు, పానవట్టాలు, ఎర్ర ఇటుక గోపురాలు. ఇటుకల మధ్య సున్నం కనిపించదు. 1969లో అమెరికా బాంబులు (గుళ్లను ఏ, బీ, సీ అని గుంపులుగా లెక్కిస్తారు) ‘ఏ’ గుంపులోని పెద్ద గోపురాన్ని కూల్చేశాయి. అక్కడే 2020లో మన పురావస్తు శాఖ బృందం ఒకే రాతి శివలింగాన్ని బయటికి తీసింది. బాగా నిలిచినవి బీ, సీ, డీ గుంపులు. గేటు ఆరింటికి తెరుస్తారు. ఏటవాలు వెలుగులో ఇటుక గీతలన్నీ లేచి కనిపించేది ఎనిమిదిలోపే, ఆ తర్వాత బస్సులు వస్తాయి, వెలుగు కూడా చదునైపోతుంది.

దక్షిణాన కాన్ థో దగ్గర కై రాంగ్ తేలే సంతకు అయిదింటికే పడవెక్కాలి. అమ్మే సరుకును వెదురు గడకు వేలాడదీస్తారు, గుమ్మడికాయ వేలాడితే గుమ్మడికాయలున్న పడవ. ఉత్తరాన ము కాంగ్ చాయ్ మెట్ల పొలాలు మే చివర నీళ్లు నిండి అద్దాల్లా ఉంటాయి. అక్కడ చాలామంది ప్రతిబింబాలను తగ్గించే పోలరైజర్ ఫిల్టరును లెన్సు నుంచి తీయడం మరిచిపోయి, ఆకాశం ప్రతిబింబాన్ని తామే చెరిపేసుకుంటారు.

మనుషులను తీసేటప్పుడు కెమెరా చూపించి, తల ఊపి అడిగితే చాలు. పండ్ల కావడి మోసే ఆడవాళ్లు కావడి మీ భుజాన పెడితే, ఫొటో తర్వాత డబ్బులడుగుతారు. ధర ముందే మాట్లాడుకోండి. డ్రోనుకు రక్షణశాఖ అనుమతి కావాలి కాబట్టి ఇంట్లోనే వదిలేయండి. సైనిక స్థావరాల వైపు లెన్సు తిప్పొద్దు.

రోజుకు 300 ‘రా’ (RAW, కెమెరా మార్పులు చేయకుండా దాచే) ఫొటోలు, ఒక్కోటి 28 ఎంబీ అనుకుంటే రోజుకు 8.4 జీబీ. 90 రోజులకు 750 జీబీ దాటుతుంది. 1 టీబీ ఎస్ఎస్‌డీలు రెండు కొని, రోజూ రాత్రి రెండింటిలోనూ కాపీ అయ్యాకే కార్డు చెరపాలి. ఒకటి వీపు సంచిలో, రెండోది పెట్టెలో. రాత్రి బస్సులో నిద్రపోయేటప్పుడు వీపు సంచి కాళ్ల దగ్గర కాదు, తల కింద.