ఆఫీసు నెట్ స్లోగా ఉందా? ప్లాన్ పెంచే ముందు ఇవి చూసుకోండి

నెట్ స్లో అనగానే చాలామంది చేసే మొదటి పని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి 100 ఎంబీపీఎస్ నుంచి 300కి ప్లాన్ మార్చుకోవడం. వాళ్ళు వెంటనే మార్చేస్తారు, బిల్లు కూడా వెంటనే పెరుగుతుంది, స్లో మాత్రం అలాగే ఉంటుంది. హైదరాబాద్‌లో చిన్న ఆఫీసులకి, క్లినిక్‌లకి నెట్‌వర్క్ పని చేస్తూ ఇది చూసీ చూసీ బాధేసి రాస్తున్నా. ఎక్కువ శాతం డబ్బు పోయేది మన గోడల లోపలే.

ముందు ఒక టెస్ట్ చేయండి, మిగతావన్నీ తర్వాత. పొద్దున్నే స్టాఫ్ రాకముందు ఒక లాప్‌టాప్ వైఫై ఆపేసి, ఫైబర్ వైరు వచ్చి దూరే డబ్బా ఉంటుంది కదా, ఓఎన్‌టీ అంటారు, దానికి కేబుల్‌తో డైరెక్ట్‌గా కలిపి స్పీడ్ టెస్ట్ పెట్టండి. టెస్ట్ యాప్ చాలాసార్లు మీ నెట్ కంపెనీ సర్వర్‌నే ఎంచుకుంటుంది, అందుకే చెన్నై, ముంబై సర్వర్లు కూడా పెట్టి చూడండి. 200 ప్లాన్‌కి 180, 190 వస్తోందంటే కంపెనీ ఇవ్వాల్సింది ఇస్తోంది, లోపల వెతకాలి. పొద్దున బాగుండి రాత్రి 8కి సగానికి పడిపోతోందంటే మీ ఏరియా లైన్ మీద లోడ్ ఎక్కువుంది, ఆ స్క్రీన్‌షాట్లు టైముతో సహా దాచుకోండి. కంప్లైంట్ పెట్టినప్పుడు డాకెట్ నంబర్, అంటే కంప్లైంట్ నంబర్, తప్పకుండా తీసుకోండి, పరిష్కారం కాకపోతే అదే కంపెనీలో అప్పీలేట్ అథారిటీకి వెళ్ళడానికి అదే ఆధారం.

"300 ప్లాన్, కానీ 94 దాటట్లేదు"

ఈ 94 అనే నంబర్ కనబడితే నాకు టెస్ట్ కూడా అక్కర్లేదు. మధ్యలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు ఉంది. పాత స్విచ్ అవ్వొచ్చు, పాత రౌటర్ అవ్వొచ్చు, లేదా కేబుల్‌లో ఒక తీగ పోయి ఉండొచ్చు. లాన్ కేబుల్‌లో 8 తీగలుంటాయి, 100 స్పీడ్‌కి 4 చాలు, గిగాబిట్‌కి మొత్తం 8 కావాలి, అందుకే మిగతా 4లో ఒకటి తెగినా నెట్ ఆగదు, చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఒక ఆడిటర్ ఆఫీసులో రిసెప్షన్ టేబుల్ కింద దుమ్ము పట్టిన 8 పోర్టుల స్విచ్ ఒకటి ఉంది, ఆఫీసు మొత్తం నెట్ దాని మీదుగానే వెళ్తోంది, ప్లాన్ మాత్రం రెండుసార్లు పెంచేశారు. విండోస్‌లో ఈథర్నెట్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి, 100/100 అని ఉంటే దొరికినట్టే. 5 పోర్టుల గిగాబిట్ స్విచ్ రెండు వేల లోపే వస్తుంది, చివర క్లిప్పులు మళ్ళీ క్రింపింగ్ చేయిస్తే ఇంకా తక్కువలో అయిపోతుంది.

ఇంకోటి, 200 ఎంబీపీఎస్ అంటే ఫైల్ దిగేటప్పుడు సెకనుకి 25 ఎంబీ, అంతే. 25 కనబడిందని మోసపోయామనుకోకండి, బిట్లని 8తో భాగిస్తే వచ్చేదే ఆ లెక్క.

"స్పీడ్ టెస్ట్ బాగానే ఉంది, కానీ జూమ్ కట్ అవుతోంది, బిల్లింగ్ గిర్రున తిరుగుతోంది"

ఇది డౌన్‌లోడ్ సమస్య కాదు, అప్‌లోడ్ నిండిపోయింది. సీసీ కెమెరాల క్లౌడ్ రికార్డింగ్, గూగుల్ డ్రైవ్ సింక్, స్టాఫ్ ఫోన్లలో ఫోటో బ్యాకప్, ఇవన్నీ పైకి పంపేవే, అప్‌లోడ్ నిండితే చిన్న యూపీఐ రిక్వెస్ట్ కూడా వెనక క్యూలో నిలబడాలి. పట్టుకోవడం తేలిక, కమాండ్ ప్రాంప్ట్‌లో ping 8.8.8.8 -t అని పెట్టి వదిలేయండి, ఖాళీగా ఉన్నప్పుడు 10, 20 మిల్లీసెకన్లు ఉండేది ఎవరో పెద్ద ఫైల్ పంపగానే వందల్లోకి పోతోందంటే ఇదే. బ్యాకప్‌లన్నీ రాత్రికి పెట్టండి, స్టాఫ్ ఫోన్లకి వేరే గెస్ట్ వైఫై ఇచ్చి దానికి లిమిట్ పెట్టండి, రౌటర్‌లో క్యూఓఎస్ (దేనికి ఎంత స్పీడ్ అని పంచే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్‌ని అసలు స్పీడ్‌లో 90 శాతానికి కట్టేయండి. కొత్త ప్లాన్ కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో ఉన్న నంబర్ కాదు, అప్‌లోడ్ ఎంత అని అడగండి.

"నెల మొదట్లో బాగుంటుంది, 20 తర్వాత పడిపోతుంది"

ఎఫ్‌యూపీ, అంటే నెలకి ఇంత డేటా దాటితే స్పీడ్ తగ్గించే హద్దు. అన్‌లిమిటెడ్ అని రాసిన ప్లాన్లలో కూడా 3300 జీబీ లాంటి హద్దు ఉంటుంది. అంత ఎవరు వాడతారు అంటారు గానీ లెక్కేయండి, 2 ఎంబీపీఎస్‌తో ఒక కెమెరా రోజంతా క్లౌడ్‌కి పంపితే రోజుకి 21 జీబీ పైన, నెలకి దాదాపు 650, అలాంటివి నాలుగుంటే 2600. అప్‌లోడ్‌ని కూడా కలిపి లెక్కేస్తారా అని కంపెనీని అడిగి, కెమెరాల్ని ఏదైనా కదిలినప్పుడే పంపేలా పెట్టండి.

"బయట నుంచి ఆఫీసు కెమెరాలు, టాలీ ఓపెన్ కావట్లేదు"

రౌటర్‌లో వాన్ ఐపీ (కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్ నంబర్) చూడండి, 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు, అంటే ఒకే ఐపీని కంపెనీ చాలామందికి పంచుతోంది, రౌటర్‌లో బయటి నుంచి లోపలికి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా పనిచేయదు. వెంటనే స్టాటిక్ ఐపీకి (మారని సొంత నంబర్‌కి) డబ్బు కట్టకండి, కెమెరాలకి డీవీఆర్ (రికార్డింగ్ డబ్బా) కంపెనీ యాప్ చాలు. టాలీకి స్టాటిక్ ఐపీ తీసుకున్నా వీపీఎన్ (తాళం వేసిన ప్రైవేట్ దారి) మీదుగానే వాడండి, రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు నేరుగా బయటికి తెరిచి పెడితే హ్యాకర్లు దూరతారు, డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

"రెండు కనెక్షన్లున్నాయి, రెండూ ఒకేసారి పోతున్నాయి"

హైదరాబాద్ వాళ్ళకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టులో రామంతపూర్‌లో శోభాయాత్రలో కరెంట్ షాక్ ప్రమాదం జరిగాక స్తంభాల మీద కేబుళ్ళు కత్తిరించడం మొదలైంది, అప్పుడు ఏ కంపెనీ అని లేదు, ఒకే స్తంభం మీద వేలాడినవన్నీ పోయాయి. రెండో కనెక్షన్ వేరే కంపెనీదైతే చాలదు, వేరే దారిలో రావాలి. లైన్‌మ్యాన్‌తో కలిసి బయటికి వెళ్ళి వైరు ఏ స్తంభం మీదుగా, ఏ వీధి నుంచి వస్తోందో కళ్ళతో చూడండి. అది కుదరకపోతే రెండోది 5జీ ఎయిర్‌ఫైబర్ లాంటిది పెట్టుకుని డ్యూయల్ వాన్ రౌటర్‌తో (రెండు కనెక్షన్లు తీసుకునేది) ఆటోమేటిక్‌గా మారేలా చేయించండి, పగలు మెయిన్ వైరు పీకి నిజంగా మారుతోందో లేదో చూడండి. ఓఎన్‌టీకి, రౌటర్‌కి ఒక మినీ యూపీఎస్ కూడా పెట్టండి.

దీన్నే సాకుగా చూపించి సేల్స్ వాళ్ళు లీజ్డ్ లైన్ అంటారు. అది మంచిదే, స్పీడ్ ఎవరితో పంచుకోరు, అప్‌లోడ్ డౌన్‌లోడ్ సమానం, కానీ రేటు చాలా రెట్లు. 99.5 శాతం గ్యారంటీ అంటే కూడా నెలకి మూడున్నర గంటలు పోవచ్చని అర్థం. గంట నెట్ పోతే మీకు ఎంత నష్టమో రాసుకోండి, అది కాల్ సెంటర్ అయితే తీసుకోండి, పది మంది ఆఫీసుకి పైన చెప్పినట్టు రెండు దారుల బ్రాడ్‌బ్యాండ్ చాలు.

చివరిగా బిల్లు. నెట్ మీద 18 శాతం జీఎస్టీ, 2000 ప్లాన్‌కి 360. మీకు రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే అది క్రెడిట్‌గా వస్తుంది, కానీ బిల్లు ఓనర్ సొంత పేరు మీద ఉండి జీఎస్టీ నంబర్ లేకపోతే రాదు, ఈ వారమే ఫోన్ చేసి మార్పించండి. ఆఫీసు మారే ఆలోచన ఉంటే మాత్రం ఏడాది ప్లాన్ కట్టకండి, లేదా కొత్త అడ్రస్‌కి లైన్ రాకపోతే మిగతా డబ్బు వెనక్కిస్తామని ముందే మెయిల్‌లో రాయించుకోండి.